మురుగు కాలువ ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి సిరా అలుక్కుపోయి చేరింది. ఇంటి చుట్టూ నీళ్లున్నాయని, రాసిన కవరు నాలుగు రోజులు చూరులో దోపి ఉంచి, కాస్త తెరిపిచ్చాక పోస్టు చేశానని చివర్లో రాసింది ఆవిడ. అందుకని మొదటి జవాబు ఆవిడకే. చోటు కూడా ఎక్కువ దానికే పోతుంది. మిగతావారు ఏమీ అనుకోకండి.

కొత్తగా చదువుతున్నవారికి ఒక్క ముక్క. నేను ఇంజనీరుని కాను. గోదావరి మధ్య డెల్టాలో లస్కరుగా, అంటే కాలువ గట్లు, తూములు కనిపెట్టుకుని ఉండే మనిషిగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. 33 ఏళ్లు కాలువ గట్ల మీద సైకిలు తొక్కాను. మా నాన్నగారు లాకుల దగ్గర పనిచేసేవారు. ఇప్పుడు శివారులో ఎకరం 80 సెంట్లు చేసుకుంటున్నాను. నేను చూసింది, చేసింది చెబుతాను.

ప్రశ్న: బాబాయ్ గారికి నమస్కారం. రెండెకరాలు మక్తాకి చేస్తున్నాం. స్వర్ణ రకం వరి ఊడ్చి 18 రోజులైంది. 6 రోజుల నుంచి చేలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. డ్రైను నిండా గుర్రపుడెక్కే. ఎవర్నడిగినా మాది కాదంటున్నారు. ఒక ఆఫీసుకెళ్తే ఇంకో ఆఫీసుకి పొమ్మంటున్నారు. ఆ మురుగు కాలువ ఎవరిదండీ? మా చేను ఉంచాలా, దున్నేసి మళ్లీ ఊడవాలా? పెట్టుబడంతా అప్పు తెచ్చిందే.
— ఒక కౌలు రైతు, ఉప్పలగుప్తం మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్లో మాట్లాడుకున్నాం. అచ్చయ్యేదాకా ఆగుదామంటే చేను ఆగదు కదా. అప్పుడు చెప్పిందే, ఇంకో నలుగురికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు చేను సంగతి. మునిగిన చేను చూసి గట్టు మీదే నిలబడి "పోయింది, దున్నేద్దాం" అనుకోవడం మామూలే. అలా కాదు, లోపలికి దిగాలి. నాలుగు మూలలా నాలుగు దుబ్బులు, మధ్యలో ఒకటి పీకి గట్టు మీదకి తెచ్చుకోండి. ఆకులు కుళ్లి చేతికి జారిపోతున్నా కంగారు పడొద్దు. దుబ్బు మొదలు బురద కడిగి, వేరు పైన వేలెడంత మేర బొటనవేలితో నొక్కండి. గట్టిగా తగిలి, పైపొర ఒలిస్తే లోపల పాలతెలుపు కనబడితే ప్రాణం ఉన్నట్టే. జావలా నలిగి కుళ్లు వాసన వేస్తే ఆ దుబ్బు మీద ఆశ వదులుకోండి. నల్లబడిన పాత వేర్ల మధ్య దారప్పోగులాంటి కొత్త తెల్లవేరు ఒక్కటి కనబడినా చాలు. అయిదింటిలో మూడు బతికున్నా చేను దున్నవద్దు.

ఈ అమ్మాయి పీకి చూస్తే అయిదింటిలో నాలుగు బతికే ఉన్నాయి. ఆకు కొసలు నీటి పైకి కనబడుతూ ఉండటం వల్ల అలా నిలబడ్డాయి. మొక్క నిలువునా మునిగితే మామూలు స్వర్ణ వారం మించి ఓర్చుకోదు.

నీళ్లు దిగడం మొదలయ్యాక మడిని ఒక్క రోజులో ఎండగట్టొద్దు. ఎండ గట్టిగా కాస్తే, నీటిలో నాని మెత్తబడ్డ మొక్క అలాగే వాలిపోతుంది. అంగుళం, రెండంగుళాల నీరు ఉంచుతూ దించండి. ఆకుల మీద పట్టిన బురద కడగడానికి ఒక చిన్న జల్లు పడితే అదృష్టం. పడకపోతే శుభ్రమైన నీళ్లు పంపుతో ఒకసారి కొట్టండి. ఎరువు మాత్రం నీరు దిగాకే. మా చేలో నేను ఎకరానికి 20 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ కలిపి వేస్తుంటాను. నీళ్లు నిలిచి ఉండగా చల్లిన యూరియా మీ వరికి అందదు. మురుగుతో కలిసి డ్రైనులోకి పోయి అక్కడ గుర్రపుడెక్కని బలంగా పెంచుతుంది. మన డబ్బుతో మన గొంతుకే ఉరి.

ఖాళీలు పడ్డ చోట, బతికిన దుబ్బుల నుంచి పిలకలు చీల్చి నాటండి. 2022 జూలైలో మా చేను 7 రోజులు నీట ఉంది. పక్కవాళ్లు దున్నేశారు. మా ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడకూలీలు కలిసి రెండు రోజులు పిలకలు చీల్చి ఖాళీలు పూడ్చారు. ఆ యేడు ఎకరానికి 22 బస్తాలు చూశాం. మంచి యేడైతే 30 దాకా పండే నేల. నష్టమే, కానీ అప్పు పెరగలేదు. మరీ తప్పక మళ్లీ వేయాల్సొస్తే స్వర్ణ జోలికి పోవద్దు. అది 150 రోజుల పైరు, కోతకొచ్చేసరికి దాళ్వా, అంటే రెండో పంట, అదును దాటిపోతుంది. 120 రోజుల్లో వచ్చే కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010, లాంటిది చూసుకోండి. వచ్చే యేటికి స్వర్ణే కావాలంటే స్వర్ణ సబ్-1 విత్తనం అడగండి. నిలువునా మునిగినా సుమారు రెండు వారాలు తట్టుకుంటుంది. లోతు నీరు ఎక్కువ రోజులు నిలిచే నేలకి మార్టేరు వారి ఎంటీయూ 1064 ఉంది. మార్టేరు పరిశోధన స్థానం 1925 నుంచి మన ముంపు, మన చౌడు చూస్తూ విత్తనాలు తీస్తోంది. ఇంత దగ్గర్లో ఉన్నా, దుకాణంవాడు ఏ సంచి ఇస్తే అది తెచ్చుకుంటున్నాం.

ఇంకో సంగతి. ఈ-పంటలో, అంటే సర్కారువారి పంట నమోదులో, సాగుదారుగా మీ పేరు పడిందో లేదో వెంటనే చూసుకోండి. నష్టం రాసేటప్పుడు అదే చూస్తారు. కౌలు కార్డుకి భూమిగలాయన సంతకం కావాలి. భూమికి ఎక్కడ ఎసరొస్తుందోనని చాలామంది పెట్టరు. ఆ భయం అక్కర్లేదు, ఆ కార్డు 11 నెలలకే, భూమి హక్కుతో దానికి సంబంధం లేదు. ఊళ్లో పెద్దమనిషిని ఒకర్ని వెంటబెట్టుకెళ్లి మెల్లగా చెప్పి చూడండి.

ఇక డ్రైను సంగతి. ఎవరిదంటే, పెద్ద డ్రైను సర్కారుది. నీటిపారుదలలో దానికి వేరే విభాగమే ఉంది. చేల మధ్య నుంచి డ్రైను దాకా వెళ్లే మురుగు బోదె రైతులది. 1997లో వచ్చిన నీటి సంఘాల చట్టం ప్రకారం ఆ బోదెల బాగోగులు సంఘం చూడాలి. కాగితం మీద అంతే. గట్టు మీద జరిగేది మాత్రం మీరు రాసినట్టే. పంట కాలువకి నీరు రాకపోతే ఊరంతా తూము మీదకి వెళ్తుంది. డ్రైను పూడిపోతే ఎవరి చేను మునిగిందో వాళ్లొక్కరే తిరుగుతారు. పైగా మునిగేది ఎప్పుడూ శివారువాళ్లదే, అందులోనూ కౌలువాళ్లదే ఎక్కువ. నా ఉద్యోగంలో నన్ను బాధపెట్టింది ఇదే.

కోనసీమ చూడటానికి చదునుగా ఉంటుంది గానీ చదును కాదు. గోదావరి వేల ఏళ్లుగా పాయలు మార్చుకుంటూ ఒండ్రు పోసింది. పాయల ఒడ్డున మెరక, వాటి మధ్యన పల్లం, పళ్లెంలాగ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్‌గారి కాలం నుంచీ పంట కాలువలు మెరక మీద నడిచాయి, అక్కడి నుంచైతే రెండు పక్కలకీ నీరు పారుతుంది. మురుగు పల్లంలోకి దిగుతుంది, కౌశికలాంటి డ్రైన్లు ఆ పల్లంలోనే ఉన్నాయి. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా వాలు మైలుకి ఒక అడుగు, అటూ ఇటూగా. శివారుకొచ్చేసరికి అదీ ఉండదు. అంత తక్కువ వాలులో జానెడు పూడిక పడినా నీరు నిలబడిపోతుంది. దాని మీద గుర్రపుడెక్క. అది అదునుగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది.

ఆఖర్న సముద్రం. డ్రైను నీళ్లు పాటు సమయంలోనే దిగుతాయి, పోటు సమయంలో వెనక్కి తంతాయి. ఎండాకాలం మురుగు సన్నగా పారే రోజుల్లో అలలు ఇసక తెచ్చి మొగని, అంటే డ్రైను సముద్రంలో కలిసే చోటుని, పూడ్చేస్తాయి. మీ వైపు కూనవరం డ్రైను మొగ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక ఆగస్టులో ఇలాంటి మొగ దగ్గరే చూశాను. ఇసక దిబ్బ అవతల సముద్రం, ఇవతల మూడడుగులు లేచి నిలబడ్డ మురుగు. మధ్యలో దిబ్బ వెడల్పు అరవై అడుగులు ఉంటుందేమో. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒక నలభై మంది పారలు పట్టుకొచ్చారు. పాటు మొదలయ్యేదాకా ఒక ముసలి పల్లెకారాయన ఎవర్నీ పార ముట్టనివ్వలేదు. అల వెనక్కి తగ్గడం చూసి "ఇప్పుడు" అన్నాడు. రెండు పారల వెడల్పున కాలవ తీశారు. మొదట చెంబు ఒలికినట్టు సన్నగా పారింది. పావుగంటకి అంచుల ఇసక పెళ్లలు పెళ్లలుగా విరిగి పడటం మొదలైంది. గంట తిరిగేసరికి దాటలేనంత వెడల్పు, ఆ ఎర్రటి నీరు ఉరకడం చూస్తుంటే ఒళ్లు జలదరించింది. మర్నాటికి అయిదూళ్ల చేలల్లో గట్లు బయటపడ్డాయి. ఆ పని మే నెలలో యంత్రంతో ఒక్క రోజులో అయిపోయేది. ఊడ్పులకి ముందు కాగితాలు కదలలేదు.

డ్రైన్ల గోడు కొత్తది కాదు. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాలువలొచ్చాయి, అన్నం వచ్చింది. అంతకుముందు నందన కరువులో ఈ గోదావరి ఒడ్డున జనం రాలిపోయారు, ఆ రుణం మరచిపోలేం. మురుగు తీసే ఆలోచన మాత్రం ఎప్పుడూ వెనకే నడిచింది. 1960ల్లో మిత్రా కమిటీ వచ్చి కృష్ణా గోదావరి డెల్టాల డ్రైన్లన్నీ చూసి, వెడల్పు చేయమంది. ఆ పనులకి రైతుల దగ్గర డ్రైనేజీ సెస్సు కూడా తీసుకున్నారు. మన తాతలు కట్టారు. కాబట్టి డ్రైను ఎవరిదని మళ్లీ ఎవరైనా అడిగితే, మా తాత డబ్బు కట్టిన డ్రైను అని చెప్పండి. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే తొలి పంట, వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది, నీళ్లున్న చోట పంట మానేస్తారా అని. సర్కారు మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు లేకపోవడం ఎంత కారణమో, మునిగి మునిగి విసిగిపోవడం అంత కారణం. నేనప్పుడు ఉద్యోగంలో ఉన్నాను, ఖాళీగా ఉన్న ఆ చేల పక్కన సైకిలు తొక్కడానికి మనసొప్పేది కాదు.

మీరిప్పుడు చేయగలిగింది చెబుతాను. ఆగస్టులో అర్జీ పెడితే "వరద తగ్గాక చూద్దాం" అంటారు. పెట్టండి, కానీ అసలు అర్జీ మార్చిలో పడాలి, కాలువలు కట్టేసే ముందు. ఉత్త మాటల్లో రాయొద్దు. నలుగురు కలిసి డ్రైను వెంట మీ చేను నుంచి కింద వంతెన దాకా నడవండి. ఒక వెదురు గెడ మీద అడుగుకొక గీత పెట్టుకుని ఎక్కడ ఎంత లోతుందో, ఎక్కడ చెరువు గట్టు డ్రైనులోకి జరిగిందో, ఎక్కడ వలకట్లు అడ్డున్నాయో, ఏ తూము గొట్టం సన్నంగా ఉందో కాగితం మీద రాసుకోండి. ఫొటో తీయండి. ఆ కాగితం ఒకటి ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని, ఒకటి సంఘం అధ్యక్షుడికి ఇవ్వండి. 2024 డిసెంబరులో సంఘాలకి మళ్లీ ఎన్నికలు జరిగాయి కనుక అడగడానికి మనిషున్నాడు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక తూము గొట్టం చాలడం లేదని వరసగా మూడేళ్లు రాశాను, పెద్దది వేయలేదు. నాలుగో యేడు దాని పైనున్న ఎనభై ఎకరాలు మునిగాయి. నేనొక్కడినే రాయడం తప్పయింది. ఆ ఎనభై ఎకరాలవాళ్ల చేత రాయించి ఉంటే ఎవరో ఒకరు వినేవారని ఇప్పటికీ అనిపిస్తుంది.

గుర్రపుడెక్క తీసేటప్పుడు కోసి నీటిలో వదిలేస్తే దిగువ ఊరివాళ్ల నెత్తిన పడుతుంది. గట్టు మీదకి లాగి, అంచున కాకుండా రెండు బారల దూరం వేయండి. లేకపోతే మొదటి వానకి మళ్లీ డ్రైనులోకే జారుతుంది.

ప్రశ్న: ఏటా మూడు వేల టీఎంసీల గోదావరి నీరు సముద్రంలో వృథాగా కలుస్తోందని వార్తల్లో చూస్తున్నాను. మరి మా ఊళ్లో దాళ్వాకి వంతులెందుకు? మా నాన్న ఫిబ్రవరిలో రాత్రిళ్లు తూము దగ్గర కాపలా పడుకుంటారు.
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు (సొంతూరు అత్తిలి దగ్గర)

జవాబు: బాబూ, నీరు ఉండటం వేరు, కావలసిన రోజున ఉండటం వేరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. జూలై, ఆగస్టుల్లో 10 లక్షల క్యూసెక్కులు పారిందంటే ఒక్క రోజులో 86 టీఎంసీలు వెళ్లిపోయినట్టు. ధవళేశ్వరంలో 1982లో పూర్తయిన బ్యారేజీకి నాలుగు చోట్లా కలిపి 175 గేట్లున్నాయి, అన్నీ దించినా నిలిచేది సుమారు 3 టీఎంసీలే. దాని పని నీటిమట్టం లేపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్లించడం. దాచుకునే కుండ కాదది.

దాళ్వాకి మా మోటు లెక్క, టీఎంసీకి 10,000 ఎకరాలు. డెల్టా మొత్తం సుమారు 10 లక్షల ఎకరాలు, అందులో సగానికి పైగా మీ పశ్చిమ డెల్టాదే. అంటే దగ్గరదగ్గర 100 టీఎంసీలు కావాలి, అదీ నదిలో ఇసక తిన్నెలు తేలే రోజుల్లో. అప్పుడు మనల్ని ఆదుకునేది పైనుంచి సీలేరు కరెంటు కేంద్రాలు వదిలే నీరు. అందుకే వంతులు. పోలవరం అనుకున్నట్టు పూర్తయి 194 టీఎంసీలు నిలిస్తే మీ నాన్నగారికి ఆ రాత్రి కాపలా తగ్గాలి. తగ్గాలనే నా కోరిక కూడా.

"వృథా" అన్న మాట దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. మీ ఊరు నిలబడ్డ నేల ఆ వరద తెచ్చిన ఒండ్రే. ఎర్రనీరు సముద్రంలోకి దూసుకెళ్తేనే ఆ తీపి పట్టుకుని పులస ఎదురెక్కుతుంది, ఆ రెండు మూడు నెలల వేట మీద పల్లెకారులు యేడాది అప్పులు తీర్చుకుంటారు. కోరింగ మడ అడవులకి మంచినీరు, ఉప్పునీరు రెండూ కావాలి. నది సన్నబడిన నెలల్లో ఉప్పు పాయల్లోకి ఎగబాకి వస్తుంది, తీరం ఊళ్ల బోర్లు చప్పదనం పోయి ఉప్పవుతున్నాయి. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ ఒండ్రు తగ్గి తీరం కోతకి గురవుతోంది కూడా. దాచుకోవాల్సిన నీరు దాచుకుందాం, కానీ సముద్రానికి వెళ్లే నీటికీ పని ఉంది.

మీ నాన్నగారితో ఒక మాట చెప్పండి. ఊడ్చి వేరు పట్టాక మడిలో ఎప్పుడూ నీరు నిలిపి ఉంచక్కర్లేదు. సన్నగా నెరియలు తీయబోతుండగా మళ్లీ పెడితే చాలు, ఒక్క చిరుపొట్ట నుంచి పాలు పోసుకునేదాకా మాత్రం తడి తగ్గనివ్వకూడదు. వంతు వారం దాటినా చేను నిలబడుతుంది. ఎగువవాళ్లు అలా చేస్తే శివారుకి ఇంకా మంచిది. ఎగువవాళ్లే మడి నిండా పెట్టుకుని మురుగులోకి వదిలేస్తారు, అది కళ్లారా చూసిన కోపం నాకింకా పోలేదు.

ప్రశ్న: మా పక్క చేను రొయ్యల చెరువు చేశారు. వాళ్ల గట్టు పక్కన మూడు బారల మేర మా వరి ఆకు కొసలు ఎండి, దుబ్బు కట్టడం లేదు. ఎండితే నేల మీద తెల్లగా పొర కడుతోంది. జిప్సం వేయమంటున్నారు. వేయాలా?
— ఒక రైతు, కాళ్ల మండలం

జవాబు: వేయకండి, ముందు మట్టి పరీక్ష చేయించండి. తెల్లగా పొర కట్టేది పాలచౌడు, అందులో ఉప్పు ఉంటుంది. అది మంచినీళ్లు పెట్టి, నిలవేసి, కిందకి కడిగి, ఆ నీటిని డ్రైనులోకి తీసేస్తేనే పోతుంది. జిప్సం పనిచేసేది కారుచౌడుకి, నేల నల్లగా బిగుసుకుపోయి నీరు ఇంకనిచ్చే గుణం పోయిన దానికి. నేను మా తోట పక్క పాలచౌడు ముక్కలో ఎవరో చెప్పారని జిప్సం వేసి ఒక యేడు డబ్బు, శ్రమ రెండూ పోగొట్టుకున్నాను. రిపోర్టులో ఈసీ, అంటే ఉప్పు కొలత, 4 దాటితే పాలచౌడు, పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు అనుకోండి. కడగడం అయ్యాక జీలుగ చల్లి పూత దశలో కలియదున్నండి, ఆ మొక్క ఉప్పుకి ఓర్చుకుంటుంది.

చెరువుకీ మీ చేనుకీ మధ్య ఊట కాలవ ఉందా? చెరువు అడుగు కన్నా లోతుగా కాలవ తీసి, ఆ ఊటని డ్రైనులోకి పంపాలి, ఎట్టి పరిస్థితిలోనూ పంట బోదెలోకి కాదు. ఆ తవ్వకం ఖర్చు చెరువు పెట్టినవారిదే. వరి పొలం మధ్యలో అనుమతి లేకుండా చెరువు తవ్వడానికి లేదు. తీరప్రాంత ఆక్వాకల్చర్‌కి 2005లో కేంద్రం చట్టం తెచ్చింది, రాష్ట్రంలో 2020లో ఆక్వా సాగుకి లైసెన్సులిచ్చే ప్రాధికార సంస్థ చట్టమూ వచ్చింది. అనుమతి కాగితం చూపించమని అడిగే హక్కు మీకుంది.

ముందు మాత్రం మనిషితో మాట్లాడండి. వరిలో మిగలకే ఆయన చెరువు తవ్వుంటాడు, రొయ్యకి రోగం వస్తే ఆయన బతుకూ మీ బతుకులాంటిదే. నాకు తెలిసిన చోట ఇద్దరూ కూర్చుని ఊట కాలవ తవ్వుకుని, ఇప్పుడు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్తున్నారు.

ప్రశ్న: తాతగారూ, నేను ఎనిమిదో తరగతి. బస్సులో "లాకులు" అని ఒక స్టాపు ఉంది. అక్కడ తాళాలు ఏమీ లేవు. ఎందుకు ఆ పేరు?
— ఒక విద్యార్థిని, కొత్తపేట

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. తాళాలు కాదు, పడవల కోసం కట్టిన మెట్లనుకో. కాలువ కిందకి దిగే చోట నీటిమట్టం ఒక్కసారి నాలుగైదు అడుగులు పడుతుంది, పడవ దూకలేదు కదా. అందుకని రాతితో ఒక పొడవాటి తొట్టి కట్టి, రెండు చివరలా పెద్ద తలుపులు పెట్టారు. కింద నుంచి పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లోని చిన్న కిటికీలు ఎత్తుతారు. నీరు లోపలికి పొంగుతుంది, పడవ దానితోపాటే మెల్లగా లేస్తుంది. రెండు పక్కలా నీరు సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు.

మా నాన్నగారు ఇనప చక్రం తిప్పుతుంటే నేను గోడ మీద కూర్చుని చూసేవాణ్ని. పడవ లేచే కొద్దీ గోడ మీది నాచు ఒక్కో రాయి వరసా మునిగిపోయేది. తలుపుల సందుల్లోంచి నీరు పల్చటి రేకులా చిమ్మి మొహాన పడేది. పడవ నిండా కొబ్బరికాయలు, బెల్లం, ధాన్యం బస్తాలు. గట్టు మీద ఇద్దరు మనుషులు భుజానికి తాడు కట్టుకుని లాగేవారు. ఒకప్పుడు కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా పడవలో వెళ్లేవారు. రోడ్లు వచ్చాక పడవలు పోయాయి, పేరు మిగిలింది.

మీ ఇంట్లోవాళ్లని అడిగి ఒక ఆదివారం పి.గన్నవరం వెళ్లు. వైనతేయ పాయ మీద 1850ల్లో 49 తోరణాలతో కట్టిన పాత అక్విడక్టు చూడొచ్చు. కింద గోదావరి, పైన పంట కాలువ, నది మీద నుంచి కాలువ దాటడం! పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, ఆవిడ గురించి మీ అమ్మమ్మని అడుగు.

ప్రశ్న: మాది లంక. వరదప్పుడు ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటుంటారు. మాకు ఎప్పుడు కదలాలో తెలియడం లేదు.
— ఒక పాడి రైతు, ముమ్మిడివరం మండలం

జవాబు: ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులైతే ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. భద్రాచలంలో అవి 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. భద్రాచలంలో చూసిన నీరు మన దాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే మీ చేతిలో ఉన్నది.

ఆ అంకెలు బ్యారేజీ దగ్గరివి, మీ లంక ఎత్తు మీదే. అందుకని ఈ వరదలోనే ఒక పని చేయండి. ఒకటో హెచ్చరిక ప్రకటించిన రోజు మీ రేవు దగ్గర కొబ్బరి చెట్టుకి నీరు ఎక్కడ తగిలిందో రంగుతో గీత పెట్టండి, రెండో హెచ్చరికప్పుడు ఇంకోటి. మీ పాక గుమ్మం ఆ గీతల కన్నా ఎంత ఎత్తో కొలిచి పెట్టుకుంటే, వచ్చేసారి రేడియోలో అంకె వినగానే తెలిసిపోతుంది. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక దాకా ఆగకుండా, భద్రాచలంలో 48 అన్నప్పుడే చూడి గేదెల్ని, దూడల్ని ముందు పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కించండి. చీకటి పడ్డాక ఒడ్డు కోసే చోట పడవ వేయొద్దు. గడ్డి మేటు మీద టార్పాలిన్ కప్పి, నాలుగు రోజుల మేత ఏటిగట్టు మీదకి చేరవేయండి. ఏ కారణం చేతనైనా ఆ రాత్రి లంకలోనే ఉండిపోవాల్సొస్తే, గేదెల పలుపులు విప్పేసి పడుకోండి.